గిన్నె చప్పుడు

మా ఎల్బీనగర్ ఇంట్లో సాయంత్రం సీరియల్ మొదలైందంటే, తెర చూడక్కర్లేదు. వంటింట్లో పోపు వేస్తూనే చెప్పేస్తాను, ఎవరికి మూడిందో. అత్తగారు కోడలి వైపు చూస్తే చాలు, మూడుసార్లు 'ఢాం' అంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో మూడో స్టేషన్ దిగి వచ్చే మా అమ్మకి ఆ గోల పడదు. ఆవిడది రేడియో కాలం. హైదరాబాద్ కేంద్రం నుంచి శారదా శ్రీనివాసన్ గొంతు వినబడితే బియ్యం ఏరడం ఆపేసేది. ఓ నాటకం గురించి ఇప్పటికీ చెబుతుంది. పేరు మరిచిపోయింది, మాటలూ మరిచిపోయింది. వెనకాల వేణువు ఉన్నట్టుండి ఆగిపోయిన చోటు మాత్రం గుర్తుంది!

"ఎవరమ్మా వాయించింది?" అంటే, "ఏమోనే, పేర్లెవరు వింటారు?" అంది.

రేడియోకి దించడానికి తెర లేదు కదా. రంగం మారిందని చెప్పాల్సింది సంగీతమే. కాస్త ఎక్కువసేపు చప్పుడు లేకపోతే స్టేషన్ పోయిందనుకుని మనం మీట తిప్పేస్తాం. అన్నట్టు, స్టేజి నాటకానికి ప్రాణమైన హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో గుమ్మం బయటే నిలబెట్టి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. అంచేత మన దగ్గర ఆ పని వేణువుకో, వీణకో, వయొలిన్‌కో పడింది. అమెరికాలో అదంతా ఆర్గన్ చేసింది. అక్కడ రోజా రియో అని ఒకావిడ మూగసినిమాలకి థియేటర్లో ఆర్గన్ వాయించేది. 1927 తర్వాత సినిమాకి మాటలొచ్చి ఆ పని పోతే, రేడియో నాటకాలకి వెళ్లింది. 2010లో, 107 ఏళ్ల వయసులో పోయింది. ఎంతమంది మాటల సందుల్ని పూడ్చిందో!

ఆవిడ గురించి చదువుతుంటే నాకు మా అమ్మే కళ్లముందు మెదిలింది.

ఇంజనీరింగు మానేస్తానని అన్నయ్య పట్టు పట్టిన రోజుల్లో, నాన్నగారి గొంతు లేచిందంటే చాలు, వంటింట్లో స్టీలు గిన్నె దబ్బున పడేది. "ఏమైందే?" అంటూ నాన్నగారు అటు వెళ్లేవారు. అన్నయ్య చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. రంగం మారిపోయేది. అమ్మకి చేతుల్లో ఏదీ నిలవదని మేం నవ్వుకునేవాళ్లం. ఒక్క గిన్నే జారలేదని నాకు తెలిసేసరికి నాకూ ఒక కాపురం వచ్చింది.

నాన్నగారు పోయారు. ఆ మాట పూర్తికాలేదు. అన్నయ్య ఆదివారం ఆదివారం ఫోన్ చేసి అక్కడి ఎండల గురించి చెబుతాడు.

ఇల్లు నిలిచింది కదా అంటారు మీరు. నిజమే, ఇద్దరు మగవాళ్ల మధ్య నలిగిన మనిషిని తప్పుపట్టేందుకు నాకు నోరు రాదు. కానీ మాట కింద వాయించడం వేరు, మాటని రానివ్వకుండా వాయించడం వేరు కాదూ? ఓసారి ధైర్యం చేసి అడిగేశాను, "ఆ గిన్నె పడెయ్యకపోతే ఏమయ్యేదమ్మా?" అని. చాలాసేపు ఊరుకుని, "భయమేసేదే" అంది.

మొన్న మా అమ్మాయి వాళ్ల నాన్నతో ఏదో అంటోంది. ఆయన గొంతు లేచింది. నా చెయ్యి గిన్నె మీదికి దానంతటదే పోయింది. అమ్మ చూసింది. హాల్లో ఇద్దరూ ఆగారు. టీవీ కూడా ఎవరో కట్టేశారు.

అమ్మ నా చేతిలోంచి గిన్నె తీసుకుని, చప్పుడు కాకుండా గట్టు మీద పెట్టింది.