కాయని చెట్టును ఎన్నాళ్లు ఉంచవలెను?

చలిదేశములలో కాపురముండు మనవారి బిడ్డలు కొందరు పెరటిలో నారింజ గింజలు నాటుచున్నారు. అమెరికాలోని జార్జియా, కరొలినా రాష్ట్రముల వంటి చోట్ల శీతకాలమందు నీరు గడ్డకట్టును. అట్టి రాత్రులలో మన బత్తాయి బ్రదుకదు. కాబట్టి చలికి ఓర్చు జాతుల గింజలను ఆరిపోకమునుపే తెచ్చి కుండీలలో వేయుదురు. మూడు నాలుగు వారములలో మొలక వచ్చును. ఇంటిల్లిపాది సంతోషింతురు. ఆ తరువాత ఆరేండ్లు, ఎనిమిదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము ముండ్లు తప్ప మరేమియు కానరాదు. యూజు అను పుల్లని జాతి గింజనుండి కాచుటకు పదునెనిమిదేండ్లు పట్టునని జపాను దేశస్థులు సామెతగా చెప్పుకొందురు. చోటు కొంచెము, పని విస్తారము. ఇట్టి చెట్టును ఎన్నాళ్లు ఉంచుట న్యాయము? ఎప్పుడు నరికిన తప్పు లేదు?

మొదట గింజ సంగతి తెలిసికొందము. ఈ జాతులలో ఒక్క గింజనుండి రెండు మూడు మొలకలు వచ్చుట కలదు. వాటిలో అనేకము పుప్పొడితో సంబంధము లేకుండ తల్లి కణములనుండియే పుట్టి, అచ్చముగా తల్లినే పోలియుండును. తల్లిదండ్రులిద్దరి పాలు గలది ఏదో ఒకటి. చైనా దేశమునుండి వచ్చిన మూడాకుల నారింజ తండ్రియైనయెడల ఆ బిడ్డను గుర్తించుట సులభము. దాని ఆకు మూడు రెబ్బలుగా చీలియుండును. ఈ మూడాకుల నారింజ శీతకాలమున ఆకులు రాల్చి నిద్రించును. బాగుగా నిద్రించియున్నప్పుడు సున్నకు దిగువ సుమారు 20 డిగ్రీల సెల్సియస్ చలికైనను ఓర్చును. పండు మాత్రము చేదు, జిగురు.

దీనిని గూర్చిన చరిత్రయొకటి కలదు. 1894 డిసెంబరు ఆఖరున ఫ్లారిడాలో గొప్ప చలి వచ్చి పండ్లన్నియు పాడయ్యెను. చెట్లు ఆకులు రాల్చెను గాని చాలమట్టుకు చావలేదు. జనవరిలో వెచ్చబడగా వాటికి రసమెక్కి లేత చిగుళ్లు వచ్చెను. ఫిబ్రవరి రెండవ వారమున మరల చలి వచ్చి, చిగిర్చియున్న ఆ చెట్లను మొదలంట చంపెను. కొద్దికొద్దిగా చలికి అలవడి పెరుగుదల మానుకొనిన చెట్టు తట్టుకొనగల చలిని, వెచ్చదనమునకు మోసపోయి చిగిర్చిన చెట్టు తట్టుకొనలేదు. బిడ్డలను పెంచువారు ఈ మాటను కొంచెము ఆలోచింతురు గాక.

ఆ నష్టమును చూచి వాల్టర్ స్వింగిల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1897లో తీపి నారింజకును మూడాకుల నారింజకును సంకరము చేసెను. ఆయన కోరినది చలికి చావని తీపి పండు. వచ్చిన చెట్లు చలికి ఓర్చెను గాని పండ్లలో చేదు పోలేదు. 1907లో గ్రేప్‌ఫ్రూటుతో మరియొక సంకరము జరిగెను. దాని పండును సంతలో ఎవరును కొనరు. కోరిక ప్రకారము లెక్క చూచినయెడల వీటిని నరికివేయవలసినదే. నరకలేదు. దాని వేరు వేరుకుళ్లు తెగులుకును, ట్రిస్టెజా అను వైరసుకును ఓర్చునని తెలిసి, 1974లో దానిని అంట్లు కట్టు మొక్కగా నర్సరీలవారికిచ్చిరి. స్వింగిల్ 1952లోనే చనిపోయెను. నేడు ఆ వేరుమీద ఇతర చెట్లు తీపి పండ్లు కాయుచున్నవి. రాయలసీమలోను నల్లగొండలోను బత్తాయి తోటలు వేయువారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. బత్తాయి కన్నును జంబేరి మొక్కకో రంగపూరు నిమ్మకో కట్టుదురు. సంతలో బత్తాయి కొనువాడు జంబేరి పేరైన ఎరుగడు.

అయితే ఏ చెట్టునైనను నరకనే కూడదని మేము చెప్పము. ఊరక చూచుచుండుటయే ఓర్పు అని కొందరనుకొందురు. లూకా సువార్త 13వ అధ్యాయములోని అంజూరపు చెట్టును చూడుడి. చోటు వ్యర్థమగుచున్నదన్న యజమానుడు అబద్ధమాడలేదు. తోటమాలి అడిగినది ఒక్క సంవత్సరమే. అదియు ఊరక అడుగలేదు, చుట్టు త్రవ్వి ఎరువు వేయు పనిని తనమీద వేసికొనెను. పైగా ఆ చెట్టు పండ్లు వెదకదగిన వయస్సు గలది. నాలుగేండ్ల గింజచెట్టు ఇంకను బాల్యములోనున్నది. దానిని పండు అడుగుట అన్యాయమని మా తలంపు. మన తొందరచేత పైకొమ్మలను మాటిమాటికి కత్తిరించి, కాపును మనమే ఆలస్యము చేసి, నింద చెట్టుమీద వేయుట మరింత అన్యాయము. కాచి, దాని రుచి మనకు తెలిసిన తరువాత మాట వేరు. అప్పుడు దానికి మంచి కన్ను కట్టవచ్చును. చోటు లేనివాడు నరికినను మేము అతనిని తప్పుపట్టము.

గింజచెట్టుకు ఒక మేలు కలదు. అంటుచెట్టు మంచుకు మొదలంట చచ్చినయెడల క్రిందినుండి వచ్చునది అడుగు మొక్కయే. మంచి జాతి పోయినట్లే. సొంత వేరుమీద నిలిచిన చెట్టు నేలమట్టముగా చచ్చినను తానే మరల లేచును. కాబట్టి మొదటి రెండు మూడు శీతకాలములు మొక్కను కుండీలోనే ఉంచి కాపాడి, ఆ తరువాత దక్షిణపు ఎండ తగులు గోడ ప్రక్కను నాటవలెను. వేసవి చివర ఎరువు వేయరాదు. వేసిన చలిముందు చిగిర్చును. గట్టి మంచు కొట్టిన సంవత్సరము, ఆకులు మాడి కొమ్మలు నల్లబడినను వెంటనే కత్తి పట్టవద్దు. గోటితో బెరడు గీచి చూడుడి. లోపల పచ్చగానున్న చోటు బ్రదికియున్నది. క్రొత్త చిగురు ఎక్కడనుండి వచ్చునో కనబడువరకు, అనగా నడివేసవి వరకైనను, ఆగి, ఆ చిగురుకు పైనున్న ఎండుకొమ్మను మాత్రమే తీసివేయుడి.