అంటుగులాబి

కోఠి యంగళ్లలో బుట్టలకొలది గులాబీల నమ్ముదురు. దినదినము వానినే చూచు మనకు అడవిగులాబి యెట్లుండునో యూహకైన రాదు. దానికి రేకు లైదే. (హిమాలయములయం దొక జాతికి నాలుగే, అది మినహాయింపు.) నడుమ పెక్కు కేసరములు, పూవు రాలినపిదప కాయ, కాయలో విత్తులు. తోటగులాబికి రేకులు నిండుటకు ముఖ్యకారణము కేసరములే రేకులుగా మాఱుట. మనుష్యుడు అందమునే యెన్నుకొనుచు వచ్చినకొలది పూవు నిండినది. పెక్కుజాతులలో విత్తు తఱిగినది. సంస్కృతమున దీనిని శతపత్రి యనిరి. గులాబి యన్నది పారసీకము. గుల్ అనగా పూవు, ఆబ్ అనగా నీరు. పన్నీటి పేరే పూవునకు వచ్చినది. ఈ రెండు పేళ్ళును తోటవే. అయిదురేకుల పేదరాలిని ఒక్కటియు నెఱుగదు.

విత్తు నమ్మరానిదైనచో మేలిజాతిని నిలుపు టెట్లు? బలమైన మోటుజాతి కాండమునకు మేలిజాతి కన్నొకటి యతికి, అది చిగిర్చినపిదప మోటుకొమ్మను నఱికివేయుదురు. వేరు ఒకరిది, పేరు ఇంకొకరిది. ఆపిలు, బాదము, పీచు గులాబికి దాయాదులే. మొజంజాహి మార్కెట్టు దారిలో బండిమీద నిగనిగలాడు ఆపిలును విత్తు నాటి పెంచినచో తల్లిచెట్టు గుణము నిలువదు. దానికిని పరుల వేరే ఆధారము.

మా డాబాపైని కుండీలో నొక అంటుగులాబి యున్నది. నిరుడు వానకాలమున, అతుకునకు దిగువనుండి, బలమైన కొమ్మ యొకటి లేచెను. మా గృహిణి సంతోషించెను. మొక్కలమ్ము ముసలివాడు చూచి, "సారూ, ఇది అడివి కొమ్మ. ఉంచితె పై చెట్టు ఎండిపోతది" అనెను. అతడు చెప్పినది నిజమే. తోటమాలి ధర్మమున దోషము లేదు. మొక్కకు మనస్సు లేదు గదా. అయినను ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

మా యన్నగారు ఏడవ తరగతితో బడి మాని, నాగలి పట్టి, మమ్ము పట్నము పంపిరి. వారు ఎద్దుల నమ్మిన యేడే మేము బి.ఏ. పరీక్షకు రుసుము కట్టితిమి. కాళిదాసును, షేక్స్పియరును పిల్లలకు చెప్పుచు మేము గడించిన గౌరవమంతయు అతుకునకు పైభాగము. నాలుగేండ్ల క్రిందట వారి కుమారుడు ఇంటరు ముగించి, మా యింట నుండి చదువుకొందునని వచ్చెను. ఇల్లు ఇఱుకంటిమి. మా పిల్లలకు పరీక్షలంటిమి. అందులో అబద్ధ మొక్కటియు లేదు. అదియే అందలి నేర్పు. పిల్లవాడు మూడవనాడు వెడలిపోయెను. ఇప్పుడు వరంగల్లులో నొక దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడు. అన్నగారు ఒక్క మాట యనలేదు.

ఒక్కడైనను పైకి వచ్చినగదా వంశమునకు పేరు, వానిని కాపాడుకొనుటయే అందఱకు మేలు అని లోకము వాదించును. మేమును వాదించుకొంటిమి. ఏటేట దసరాకు పంచెలచాపు పంపుచు దానిని కృతజ్ఞత యనుకొంటిమి. కాని వేరునకు నీరు పోయుట వేఱు, దానిని చిగిర్పనిచ్చుట వేఱు. మొదటిది మన పూవుకొఱకే చేయుదుము.

మాకు అనతిదూరమున, ఒకప్పటి రెసిడెన్సీ ప్రాంగణమున, 1949 నుండి స్త్రీల కళాశాల యుండెను. నేడది విశ్వవిద్యాలయము. తన భూమికై దొరతో పోరాడిన చాకలి ఐలమ్మ పేరు దానికి 2024లో పెట్టిరి. తగిన పేరే. అయితే ఆ గేటు దాటి చాకలివారి బాలికలెందఱు లోనికి పోవుచున్నారో చూచికదా ఆ పేరునకు విలువ కట్టవలెను!

ముసలివాడు కత్తెరతో వచ్చెను. కొమ్మను కోయించితిమి, కాని పాఱవేయనీక, ముక్కలు చేయించి వేఱొక కుండీలో నాటించితిమి. మోటుజాతి గనుక సులువుగ వేళ్ళూనినది. ఇంకను పూయలేదు. ఇల్లు నేటికిని ఇఱుకే. ముందుగది ఖాళీచేసి, మొన్న అన్నగారి కుమారునకు ఫోను చేసితిమి. కొంతసేపు పలుకడయ్యెను. పిదప, "చిన్నాయనా, సేటును అడిగి చెప్త" అనెను.