అప్రమత్తత

హింస యన నేమి యను ప్రశ్నకు జైనాచార్యుడగు ఉమాస్వాతి తన తత్త్వార్థసూత్రమున నొసంగిన సమాధానము నాకు మిక్కిలి లోతైనదిగ దోచును: ప్రమత్తుడై, అనగా రాగద్వేషములకు లోనై యేమరియుండి, ప్రాణమునకు గలిగించు హానియే హింస యని యాతని మతము.

హృద్రోగులకు చికిత్స చేయు క్యాథ్ ల్యాబులో ఈ నిర్వచనము నేడు కన్నులకు గట్టును. అచ్చట వైద్యుడు పాదముక్రింది పెడలు నదిమినంతసేపు బల్లక్రింది గొట్టమునుండి ఎక్స్ కిరణములు రోగి దేహమును జొచ్చి, రక్తనాళమున సాగు సన్నని తీగను తెరపై జూపుచుండును. పాద మెత్తగానే అవియు నాగిపోవును. అవి కంటికి గానరావు, ఒంటికి దెలియవు. రోగి దేహమును దాకినవానిలో గొన్ని చెదరి నలుదెసలకు బాఱి, ప్రక్కనున్న వైద్యుని, నర్సును, టెక్నీషియనును సైతము సోకును. చికిత్స సుదీర్ఘమై, కిరణము లొకేచోట మితిమీరి పడినచో, రోగి వీపున చర్మము కందుట పెక్కు దినములకో వారములకో గాని బయలుపడకపోవచ్చును. అప్పటికి కారణ మెవ్వరికిని స్ఫురింపదు. కర్మకును ఫలమునకును నడుమ నున్న ఈ యెడమే యేమరుపాటునకు బుట్టినిల్లు.

1895లో రాంట్జెన్ ఈ కిరణములను గనుగొన్న కొలదికాలమునకే, ఎడిసన్ సహాయకుడగు క్లారెన్స్ డాలీ వానికి తన చేతుల నొడ్డి పరీక్షలు సలుపుచు, వ్రణములు ముదిరి, చేతులు గోల్పోయి, 1904లో మరణించెను. ఇట్టివారి స్మారకస్తంభము 1936లో హాంబర్గున నెలకొల్పబడెను. వారు తెలియక బలియైరి. మన కా సాకు లేదు.

చేయునది రోగి మేలునకే గదా యందురు. నిజమే, ధమని పూడి ప్రాణము పోవుచున్నవానికి ఆ కిరణములను నిరాకరించుట దయ గానేరదు. కాని సంకల్పము పవిత్రమైనంత మాత్రమున, అక్కఱలేని యొక్క క్షణమైనను పెడలు నదిమియుండు నధికారము లభింపదు. తెరపై నిలిచియున్న కడపటి చిత్రమును జూచి యాలోచింప వీలున్నపుడు క్రొత్త చిత్ర మేల? సెకనునకు ఏడున్నర కిరణస్పందనములు చాలుచోట 15 ఏల? కిరణద్వారమును వలసినమేరకే కుదించుట, చిత్రగ్రాహకమును రోగి దేహమునకు జేరువగ దించుట నా దృష్టిలో వ్రతనియమములే. సీసపు ఏప్రాను దొడిగి నిర్భయుడై యున్న వైద్యుడు, రోగికి మీటరు దూరమున నిలిచిన నర్సును రెండు మీటర్లకు జరుగు మనినచో, ఆమెకు సోకునది దాదాపు నాల్గవ వంతునకు దగ్గును. “సిస్టర్, కొంచెము వెనుకకు” అని పలికి, ఆమె జరిగినపిదపనే పెడలు నదుము వైద్యుని నేను అహింసావ్రతునిగనే యెంతును.