మెహమాన్‌కి సలాం, పడోసీకి సవాల్

అతిథిని ఆదరించడం గొప్పా, పొరుగువాడిని నమ్మడం గొప్పా? హైదరాబాదీ తెహజీబ్ గురించి మాట్లాడే ప్రతిచోటా మొదటిదాన్నే పొగుడుతారు. మేము రెండోదాని గురించి అడగదలుచుకున్నాం.

చదువుకోవడానికి సూడాన్ నుంచి వచ్చిన ఒక కుర్రాడి ఆదివారాన్ని ఊహించండి. ఇలాంటి విద్యార్థులు ఈ నగరానికి కొత్త కాదు. ఉస్మానియాలో డిగ్రీకో, ఇఫ్లూలో ఇంగ్లీషుకో వస్తారు. పనిలో పనిగా అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సూ చేస్తారు. మైత్రీవనం చుట్టూ గోడ కనబడకుండా వేలాడే కోచింగ్ బోర్డుల కింద అతనికి కర్నూలు కుర్రాడూ ఖమ్మం కుర్రాడూ దోస్తులవుతారు. వాళ్లిద్దరూ పరాయి దేశం పోవడానికి నేర్చుకుంటున్నారు, ఇతను పరాయి దేశం వచ్చి నేర్చుకుంటున్నాడు. సెలవు రోజు ముగ్గురూ ఊరు చూడ్డానికి బయల్దేరతారు.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే మూసీ పక్కన సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెకా ముందు జనం కళ్లప్పగించి నిలబడతారు. ఏ దేశపు రాయి, ఎవరి చెయ్యి అని ఎవరూ అడగరు. రెబెకా మనదే!

తిరుగు ప్రయాణంలో లక్డీకాపూల్‌లో దిగితే దగ్గర్లోనే ఏసీ గార్డ్స్. ఆ పేరులోని ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం అశ్వదళంలో పనిచేసిన సిద్దీల వారసులు ఇప్పటికీ ఆ బస్తీలో ఉన్నారు. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఆ తర్వాత దళమూ పోయింది. మనుషులు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎక్కడికి పోతారు, ఇదే వాళ్ల ఊరు! మతం చూడకుండా మన పెళ్లిళ్లలో మోగే మర్ఫా వెనక ఈ సిద్దీలూ, యెమెన్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులూ ఉన్నారు. సూడాన్ కుర్రాడు అక్కడ తన రంగు మనిషిని చూసి అరబ్బీలో పలకరిస్తే జవాబు దక్కనీలో వస్తుంది: "కాఁ సే ఆయే భాయ్?" అది ఊరివాడు మెహమాన్‌ని అడిగే ప్రశ్న.

సాయంత్రం పంజాగుట్టలో చాయ్. పక్క బల్లవాళ్లు "ఏ దేశం?" అంటారు. అతను నవ్వి చెబుతాడు. ఆ ప్రశ్న అతన్ని గాయపరచదు. అతనికి ఒక దేశం ఉంది, పాస్‌పోర్టు ఉంది, వీసాకు గడువు ఉంది.

అదే ప్రశ్న మాకు వేస్తే? అంత సూటిగా ఎవరూ వెయ్యరు. "మీ తెలుగు భలే ఉందండీ, ఎక్కడ నేర్చుకున్నారు?" అంటారు. ఇంట్లో అమ్మీ ఉర్దూలో జోకొట్టింది, గల్లీలో దోస్తులు తెలుగులో తిట్టారు. రెండూ మావే. అద్దె ఇంటికి వెళ్తే మా పేరు చెప్పేదాకా గది ఖాళీగానే ఉంటుంది. పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామండీ!" క్రికెట్ మ్యాచ్ రోజున మా మొహాల్లో ఏదో వెతుకుతారు. ఇవన్నీ "ఏ దేశం?" అన్న ప్రశ్నకు మారువేషాలు కావా?

జర్మన్ తత్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాస్తూ, పరాయి నేల మీద అడుగుపెట్టినవాణ్ణి శత్రువుగా చూడకూడదన్నాడు. భూమి గుండ్రంగా ఉంది, మనుషులు ఒకరికొకరు ఎదురుపడక తప్పదు కనక ఇది దయ కాదు, హక్కు అన్నాడు. అయితే అది చూసిపోయే హక్కే. ఉండిపోవడానికి వేరే ఒప్పందం కావాలన్నాడు. మరి తాతముత్తాతల సమాధులు ఇక్కడే ఉన్నవాళ్లను ఏ ఒప్పందం చూపించమంటారు?

మెహమాన్‌ని ప్రేమించడం తేలిక. అతను వాటా అడగడు. పొరుగువాడు అలా కాదు. గోడ పంచుకుంటాడు, నల్లా నీళ్లు పంచుకుంటాడు, ఉద్యోగం అడుగుతాడు, ఓటేస్తాడు. కొట్లాడే హక్కూ అతనికుంది. అందుకే నగరం మంచితనానికి అసలు పరీక్ష మెహమాన్ కాదు, పొరుగువాడు.

ఈ తూకం ముస్లిం ఇంటి యజమానికీ వర్తిస్తుంది. సూడాన్ కుర్రాడు గది కోసం తలుపు తడితే "అస్సలాము అలైకుం" ఒక్కటే సరిపోతుందా, మధ్యలో రంగు అడ్డొస్తుందా? మా పేరు చూసి తలుపు వెయ్యడం అన్యాయమైతే, అతని చర్మం చూసి వెయ్యడమూ అన్యాయమే. ఖౌమ్ ఒక్కటే అన్నంత మాత్రాన న్యాయం దానంతటదే రాదు.

అమీర్ అరబ్బీ మాట, పేట మన మాట. పంజా పార్సీ, గుట్ట తెలుగు. రోజూ వేలమంది ఈ పేర్లు పలికి బస్సు దిగుతారు, మెట్రో ఎక్కుతారు. ఏ సగం ఎక్కడిదని ఎవరూ ఆరా తియ్యరు. పేర్లకు దొరికిన ఈ నిశ్చింత మనుషులకూ దొరకాలని అడుగుతున్నాం. చూసిపోయేవాళ్లను బాగా చూసుకోండి. మమ్మల్ని మాత్రం మెహమాన్‌లను చెయ్యొద్దు.