కెంపు చెప్పిన ప్రమాణం

న్యాయ దర్శనం ఆప్తవాక్యాన్ని, అంటే నమ్మదగినవాడి మాటను (శబ్దాన్ని) కూడా జ్ఞానానికి ప్రమాణంగా అంగీకరిస్తుంది. అది సబబే, ప్రతి కొలతనూ మళ్లీ మొదటి నుంచి చేయాలంటే ఏ శాస్త్రమూ ముందుకు సాగదు. మరి ఆప్తుడే పొరబడితే? భౌతిక శాస్త్రవేత్త థియోడర్ మైమన్ లేజర్ పరిశోధనలో ఈ ప్రశ్నే ఎదురైంది. కెంపు స్ఫటికం పీల్చుకున్న కాంతిలో సుమారు ఒక శాతమే ఎర్రని వెలుగుగా తిరిగొస్తుందని అప్పటికి ప్రచురితమైన ఒక కొలత చెప్పింది. పేరున్న శాస్త్రవేత్తలు లేజర్‌కు గులాబీ కెంపు పనికిరాదన్నారు. మిగతా శక్తి ఎటు పోతోందో తేల్చుకోవడానికి మైమన్ స్వయంగా కొలిచాడు. నష్టం స్వల్పమేనని తేలింది. 1960 మే 16న మాలిబులోని హ్యూస్ ప్రయోగశాలలో, కొసలకు వెండిపూత పూసిన చిన్న కెంపు కడ్డీ, దాన్ని స్ప్రింగులా చుట్టుకున్న ఫ్లాష్ దీపం తొలి లేజర్ కాంతినిచ్చాయి. ప్రత్యక్షం, అంటే స్వయంగా చూసి తెలుసుకున్నది, ఇక్కడ శబ్దాన్ని కొట్టివేయలేదు, సరిదిద్దింది. మైమన్ మాటకూ అదే పరీక్ష తప్పలేదు: బెల్ ప్రయోగశాల కూడా కెంపు లేజర్‌ను నిర్మించి చూసింది.