కాపరి తుపాకియు చట్టపు భయమును

పశ్చిమ టెక్సాసులో, సాన్ ఆంజెలో చుట్టుప్రక్కల గొఱ్ఱెల మందలపై రాత్రివేళ పడు కయోట్లనెడు తోడేలుజాతి మృగములను గూర్చి మాటలు సాగుచుండగా వకీలుగారు, “మాస్టారూ! తుపాకి మ్రోత నణచు సైలెన్సరును కాపరులకని సులభముగా దొరకనిచ్చిన, హంతకునకు చాటు కల్పించినట్లు గాదా?” యని ప్రశ్నించిరి.

“ఆ భయమే, వకీలుగారూ, 1934లో జాతీయ ఆయుధ చట్టమై, సైలెన్సరు చేతులు మాఱినపు డెల్ల 200 డాలర్ల సుంకమును, నమోదును, వ్రేలిముద్రలను విధించినది. హైరం పెర్సీ మాక్సిం 1909లో పేటెంటు పొంది బహిరంగముగా విక్రయించిన పరికరము, పాతికేండ్లు తిరుగునంతలో మరతుపాకుల సరసన చేరవలసివచ్చెను. ఆ భయమున కాధారమేమి? వేటతుపాకి మ్రోత సుమారు 160 డెసిబెల్లులు. సైలెన్సరు దానిలో ఇరువదియైదో ముప్పదియో తగ్గించును. ధ్వనిని మించిన వేగముతో పోవు గుండు గాలిలో పుట్టించు ఫెళధ్వానము నదియు నణచలేదు. సైలెన్సరున్న మోటారుసైకిలు వీథిలో పోవుట మనకు వినబడకున్నదా? దొంగతనమునకు బయలుదేరువాడు తన వ్రేలిముద్రలను ప్రభుత్వమున కిచ్చి, అనుమతికై వేచియుండి, పిమ్మట బయలుదేరునా?”

“అది నిజమే,” యనిరి వకీలుగారు. “ఇరుగుపొరుగువారికి ఆ మ్రోతయే హెచ్చరిక గదా?”

“మ్రోత పోదని చెప్పితిని గదా!”

“కయోట్లను చంపినకొలది మిగిలినవి ఎక్కువ పిల్లలను పెట్టునని జంతుశాస్త్రజ్ఞు లందురు.”

“అందురు గాక! తెల్లవాఱుజామున గొఱ్ఱెపిల్ల దవడక్రింద కోరలు దిగిన గుంటలను, నెత్తురు గడ్డకట్టిన ఉన్నిని చేత తడిమిచూచుకొన్న కాపరికి ఆ లెక్క యెవరు చెప్పగలరు?”

“కావలికి కుక్కలు లేవా?”

“లేకేమి! పిరనీసు పర్వతప్రాంతమునుండి వచ్చిన ఆ తెల్లని మహాకాయములను కూనలుగా నున్నపుడే మందలో విడిచి, గొఱ్ఱెలే తమవారనునట్లు పెంచుదురు. అవి రాత్రియెల్ల మొఱుగుచు మంద చుట్టు తిరిగి, పోరాటముకంటె బెదరింపుతోనే శత్రువును త్రోలును. యజమాని ముచ్చటపడి ఇంటికి చేరదీసెనా, మందను విడిచి గుమ్మము పట్టుకొనును. మంచి కుక్క యున్నచోట తుపాకి యెత్తవలసిన రాత్రులు తగ్గును.”

“అట్లయిన తుపాకి మాట మనకేల?”

“తగ్గును గాని తీఱిపోవు. చెవులకు మూతలు పెట్టుకొన్న కాపరికి పొదలోని యలికిడి వినబడదు. పెట్టుకొనక కాల్చిన వినికిడికే ముప్పు. ప్రక్కన నిలిచిన కుక్కకు ఆ మూతలును లేవు. ఫిన్లాండు, నార్వే దేశముల వేటగాండ్రకు సైలెన్సరు నిత్యోపకరణము.”

“2026 జనవరి 1 నుండి అమెరికాలో ఆ సుంకము సున్న యైనది. ఇంకేమి కావలెను?”

“నమోదు నిలిచియున్నది, నిలువనిండు, దానిని నేను కాదనను. కాని కాలిఫోర్నియా, న్యూయార్కు మొదలగు కొన్ని రాష్ట్రములలో సామాన్యునకు సైలెన్సరు నేటికిని నిషిద్ధము. కాలిఫోర్నియాలోను గొఱ్ఱెలున్నవి, కయోట్లున్నవి. అచ్చటి కాపరి చెవి పోవుటవలన ఎవరికి రక్షణ కలుగుచున్నదో చెప్పుడు.”

“ఆ నిషేధమును నేను సమర్థింపజాలను,” అనిరి వకీలుగారు.