లోపం దాచి అమ్మిన కారు

 

కొంతకాలం క్రితం గద్వాలలో జుమా నమాజు అయ్యాక ఒక సోదరుడు నా దగ్గర కూర్చున్నాడు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు సంతల్లో బట్టలు అమ్ముకునే మనిషి. భార్య నగలు అమ్మి, తెలిసిన వ్యక్తి దగ్గర పాత కారు కొన్నాడు. నాలుగో రోజే దారిలో ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. విప్పి చూసిన మెకానిక్, "ఇది పాత రోగమే. పగులును పైపైన అతికించి అమ్మారు" అన్నాడు. అమ్మినాయన్ని అడిగితే, "చూసుకునే కదా కొన్నావు భాయ్, ఇప్పుడు నాకేం సంబంధం?" అన్నాడట.

ఆ సోదరుడు గొంతు తగ్గించి, "నేను కూడా పైపైన బాగు చేయించి ఇంకొకరికి అమ్మేస్తే తప్పా, మౌలానా సాబ్?" అని అడిగాడు.

దైవప్రవక్త (స) ఒకసారి మదీనా బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూశారు. వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. మరి ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. మన మార్కెట్ యార్డులో పల్లికాయ రాశి కింద తడి సరుకు దాచినా, కారు మీటరు వెనక్కి తిప్పినా, ఇంజన్ పగులు కప్పిపుచ్చినా అదే తడి, అదే మోసం.

ఇక కొన్నవాడి హక్కు. దీన్ని ఫిఖ్‌హ్‌లో 'ఖియారె ఐబ్' అంటారు. ఆ రంగం తెలిసినవాళ్ల దృష్టిలో వస్తువు ధరను తగ్గించే ప్రతి లోపమూ 'ఐబ్' కిందకే వస్తుంది. అది కొనకముందే ఉండి, కొన్నవాడికి తెలియకపోతే, వస్తువు వాపసు ఇచ్చి మొత్తం సొమ్ము తిరిగి తీసుకునే హక్కు అతనికి ఉంది. లేదా అదే ధరకు ఉంచుకోవచ్చు. ఉంచుకుంటూనే ధర తగ్గించమని హనఫీ మస్లక్ ప్రకారం బలవంతపెట్టలేడు. ఇద్దరూ ఇష్టపడి రాజీ పడితే అభ్యంతరం లేదు. కొన్నవాడి చేతిలో బండికి కొత్త దెబ్బ తగిలి ఉంటే వాపసుకు బదులు పాత లోపం మేరకు నష్టం రాబట్టుకుంటాడు. ఒక జాగ్రత్త: లోపం తెలిశాక కూడా సొంత పనులకు బండి తిప్పుకుంటే దానికి ఒప్పుకున్నట్టే అవుతుంది, హక్కు పోతుంది.

"ఉన్నది ఉన్నట్టు తీసుకో, ఏ లోపానికీ నా పూచీ లేదు" అని ముందే చెప్పి అమ్మితే? కొన్నవాడు దానికి ఒప్పుకుంటే హనఫీ ఫిఖ్‌హ్‌లో వాపసు హక్కు ఉండదు. కాని తెలిసిన లోపం దాచిన పాపం ఆ మాటతో కడిగేసుకుపోదు.

దేశ చట్టం సంగతీ తెలుసుకోవాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో, కొనేవాడే చూసుకోవాలన్నది మూలసూత్రం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం చేసేవారిపై ఫిర్యాదులకే. సొంత కారు అమ్ముకున్న మనిషి సాధారణంగా దాని కిందకు రాడు. తెలిసి లోపాన్ని కప్పిపుచ్చితే 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం అది మోసం, ఒప్పందాన్ని రద్దు చేయమని సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. కాని నిరూపించే భారం కొన్నవాడిదే. అందుకే కొనకముందే జాగ్రత్తపడాలి.

బేరం కుదిరేటప్పుడే మూడు రోజుల గడువు షరతు పెట్టుకోండి. ఇది 'ఖియారె షర్త్'. బేరాల్లో మోసపోతున్న ఒక సహాబీకి ప్రవక్త (స) నేర్పిన దారి ఇది. ఆ మూడు రోజుల్లో నమ్మకమైన మెకానిక్‌కు చూపించండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, చలాన్ల బాకీ చూడండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్టు ఎన్ఓసీ అడగండి. మన గద్వాలకు కర్నూలు, రాయచూరు బండ్లు ఎక్కువగా వస్తాయి. వాటికి అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ కావాలి, ఇక్కడ పన్ను కట్టాలి. ఫారం 29, 30 నింపి పేరు మార్పించుకోండి. అమ్మినవాడికీ ఇది అవసరమే. ఒక కారు చాలా చేతులు మారినా, రికార్డులో పేరున్న వ్యక్తే ప్రమాద నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇప్పుడు ఆ సోదరుడి ప్రశ్న. "నీకు జరిగింది జుల్మ్. దాన్ని ఇంకొకరి మీదికి తోస్తే నువ్వే జాలిమ్‌వి అవుతావు. నీ భార్య నగల లాంటి నగలే అవతలి ఇంట్లోనూ ఉంటాయి" అన్నాను. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) కూఫాలో బట్టల వ్యాపారి. లోపమున్న బట్టను చెప్పి అమ్మమని భాగస్వామికి పురమాయించారు. అతను చెప్పడం మరచి అమ్మేశాడు. కొన్నవాడెవరో తెలియలేదు. వచ్చిన సొమ్మంతా ఇమామ్ గారు సదఖా ఇచ్చేశారు. "నువ్వూ బట్టలే అమ్ముతావు కదా" అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

తర్వాత ఇద్దరు పెద్దమనుషులతో కలిసి అమ్మినాయన ఇంటికి వెళ్లాం. మొదట కోపగించుకున్నాడు. తెలిసే దాచావా అని అల్లాహ్ సాక్షిగా అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి బాగు చేయించే ఖర్చంతా తానే భరిస్తానన్నాడు. ఈయన ఒప్పుకున్నాడు. ఇద్దరూ సలామ్ చెప్పుకుని లేచారు.

అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పుకుని లోపాలు బయటపెట్టుకుంటే ఆ బేరంలో బర్కత్ ఉంటుందని, దాచితే ఆ బర్కత్ చెరిగిపోతుందని ప్రవక్త (స) తెలియజేశారు. మీ ఇంట్లో అమ్మకానికి పెట్టిన బండి ఉంటే, దాని లోపం మీకు తెలిసి ఉంటే, బేరానికి వచ్చినవాడికి ముందే చెప్పండి. ఓ పదివేలు తగ్గితే తగ్గనివ్వండి. మన సంపాదనను అల్లాహ్ హలాల్‌గా ఉంచుగాక! ఆమీన్.